మలుపు దగ్గర మరో చెయ్యి

పోయిన వారం నా కథను ఒక తాళంచెవి దగ్గర ఆపాను. డ్యూటీ దిగుతుంటే తిరిల్ నాకు అడ్డంగా నిలబడి, "బోర్గిల్, రోగులు పోస్టులో పంపే కాగితాలు ఏ సొరుగులో పెడతావు?" అని అడిగింది. ఆ సొరుగు తాళంచెవి ఇరవై ఏడేళ్లుగా నా జేబులోనే ఉంటోంది. హెడ్ నర్సు అడిగినా ఇవ్వలేదు. ఆ సాయంత్రం మాత్రం తిరిల్ చేతిలో పెట్టేసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. మా హెల్‌వోగ్ ఆసుపత్రిలో పెద్దపేగు పరీక్షకు మత్తు ఇవ్వం. మనిషి మెలకువగానే పడుకుని, కెమెరా ఉన్న గొట్టం లోపలికి వెళుతుంటే తన పేగును తనే తెర మీద చూసుకుంటాడు. పోతూ పోతూ ఒక కాగితం ఇంటికి తీసుకెళ్లి, ఎంత నొప్పి పుట్టిందో మర్నాడు గళ్లలో గీత పెట్టి పోస్టు చేస్తాడు. అది నా సొరుగులోకి వస్తుంది. రెండో కాగితం గురువు నింపేది. నేర్చుకునే డాక్టరు చివరిదాకా తనే వెళ్లిందా, లేక గొట్టం గురువు చేతికి వెళ్లిందా అన్నది అందులో రాస్తారు. అది ఆఫీసుకు పోతుంది. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలని మా ఆసుపత్రిలో ఎవరికీ తోచలేదు. మూడు వారాల కిందట నాకు తోచింది. చూశాను. చూసి తాళం వేసేశాను.

తిరిల్‌కు ముప్పై ఒకటో ఏడు. రెండేళ్ల కిందట దక్షిణాన్నుంచి మా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చింది. ఈ నెలాఖరులోగా తను ఒంటరిగా పరీక్ష చేయగలదని గురువు సంతకం పెట్టాలి. చివరి ఇరవై పరీక్షల్లో పద్దెనిమిదైనా తను పూర్తి చేసి ఉండాలి. ఆ సాయంత్రానికి తిరిల్ లెక్కలో తొమ్మిదే ఉన్నాయి. మిగతా పదకొండింటి ఎదురుగా 'గురువు తీసుకున్నాడు' అన్న గడిలో గీత ఉంది. సంతకం పడకపోతే ఉద్యోగం అక్కడితో సరి. దక్షిణానికి తిరిగి వెళ్లి, దగ్గులకూ గొంతునొప్పులకూ మందులు రాసుకుంటూ కూర్చోవాలి. ఇంకా ఎనిమిది రోజులే గడువు.

ఇక ఆ గురువు, స్వెర్రె. అరవై మూడేళ్ల మనిషి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటాడు. ఒకప్పుడు ఆయన పరీక్ష చేస్తుంటే రోగులు నాతో కబుర్లు చెప్పుకునేవాళ్లు, అయిపోయిందని చెప్తే నమ్మేవాళ్లు కాదు. వసంతంలో మెడకు ఆపరేషన్ అయినప్పటి నుంచి సొంతంగా పరీక్షలు చేయడం మానేసి, నేర్పించడం ఒక్కటే పెట్టుకున్నాడు. విశ్రాంతి కోసమని అందరం అనుకున్నాం. ఆయన అలా గుమ్మంలోంచి లోపలికి వస్తే, పాత రోజుల్లోలా చొక్కా చేతులు పైకి మడిచి బల్ల దగ్గరికి నడిస్తే బాగుండునని నాకు రోజూ అనిపించేది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు, శుక్రవారం పొద్దున, మొదటి రోగి మాగ్నే. ఫెర్రీ పడవ మీద ముప్పై ఏళ్లు వంటవాడిగా చేసి దిగినవాడు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, తెర వైపు మెడ సాచి, "అమ్మాయ్, జాగ్రత్తగా చూడు. ముప్పై ఏళ్ల చేపల సూపు అడుగంటి ఉంటుంది లోపల," అన్నాడు.

"నిన్న పేగు కడిగే మందు సరిగ్గా తాగి ఉంటే ఏమీ ఉండదు లే," అంది తిరిల్.

"తాగాను. ఆ మందు కనిపెట్టినవాణ్ణి నా ఫెర్రీ ఎక్కిస్తే నడిసముద్రంలో దింపేసేవాణ్ణి."

నేను ఎదుటి వైపు నిలబడి మాగ్నే పొట్ట మీద అరచెయ్యి ఆన్చాను. స్వెర్రె తిరిల్ భుజం వెనక నిలబడ్డాడు. అప్పటికే ఆ పొద్దున రెండుసార్లు బయటికి వెళ్లి వచ్చాడు, మొహం పాలిపోయి ఉంది. చలి తగిలిందనుకున్నాను.

పేగులో మొదటి గట్టి మలుపు ఎడమ తుంటి ఎముక దగ్గర వస్తుంది. నేర్చుకునేవాళ్లు తప్పు చేసేది అక్కడే. దారి కనబడకపోతే ముందుకు నెడతారు. నెట్టిన కొద్దీ గొట్టం లోపల మెలిక పడుతుంది, పేగు సాగుతుంది, మనిషి మూలుగుతాడు. అక్కడ చేయవలసింది వెనక్కి లాగడం. ముందుకు పోవాలంటే వెనక్కి రావాలని బుర్రకు చెప్పడం తేలికే, చేతికి చెప్పడానికే ఏళ్లు పడుతుంది.

తిరిల్ ఆగింది. నెట్టలేదు. నెమ్మదిగా వెనక్కి లాగడం మొదలుపెట్టింది. నా అరచేతి కింద మెలిక వదులవుతోంది. పొట్ట మీద చెయ్యి పెట్టిన నర్సుకు తెలిసినంత తెర చూసే డాక్టరుకు తెలియదు. ఇంకో రెండు క్షణాలు ఆగితే విడిపోతుంది.

అప్పుడు తిరిల్ భుజం మీదుగా స్వెర్రె చెయ్యి వచ్చింది.

"ఇటివ్వు. నేను చూస్తాను."

తిరిల్ ఇచ్చేసింది. గురువు అడిగితే ఇవ్వాలి. స్వెర్రె పట్టుకున్న మరుక్షణం నా చేతి కింద మెలిక మళ్లీ పెరిగింది. మాగ్నే మాటలు ఆపేసి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. అతని గొంతులోంచి వచ్చిన మూలుగు నాకు ఇప్పటికీ వినబడుతోంది. నిమిషం, రెండు నిమిషాలు అలాగే గడిచింది. ఎలాగో మలుపు దాటింది. స్వెర్రె గొట్టం తిరిల్ చేతిలో పెట్టి, కాగితం మీద గడిలో గీత పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. మిగతా పేగంతా తిరిల్ పూర్తి చేసింది. చేపల సూపు జాడ ఎక్కడా లేదు.

తర్వాత పదిహేను నిమిషాలు స్వెర్రె ఎక్కడికి వెళ్లాడో మాకు తెలియదు. తిరిగి వచ్చేసరికి మేం కాఫీ గదిలో ఉన్నాం. శుక్రవారం కాబట్టి నేను వాఫిల్స్ అనే గళ్ల అట్లు పోసి, జామూ గోధుమరంగు చీజూ బల్ల మీద పెట్టాను. స్వెర్రె కూర్చుని వాఫిల్ ముట్టకుండా గ్లాసులో ఆపిల్ రసం పోసుకున్నాడు.

ప్రతి పరీక్ష అయ్యాక గురువూ శిష్యురాలూ ఇలా కూర్చోవాలన్నది మా దగ్గర పద్ధతి. ముందు నేర్చుకునేవాళ్లు ఏం బాగా జరిగిందో, ఏం జరగలేదో చెబుతారు. తర్వాత గురువు. ఒక మంచి, ఒక దిద్దుబాటు. పద్ధతి బంగారంలాంటిదే. కానీ మా వైపు మనుషులకు ఎదుటివాడి తప్పు మొహాన చెప్పడం మర్యాద కాదు, మెచ్చుకోవడం అంతకన్నా మర్యాద కాదు. 'ఫర్వాలేదు' అన్నామంటే అదే సన్మానం. స్వెర్రె ఆ విషయంలో మా అందరికీ తాత.

"నువ్వు చెప్పు ముందు," అన్నాడు.

"ఇవాళ నేను చెప్పను," అంది తిరిల్. "మీరే చెప్పండి. మలుపు దగ్గర నేనేం తప్పు చేశాను?"

"బాగానే చేశావు."

"బాగా చేస్తే గొట్టం ఎందుకు తీసుకున్నారు?"

స్వెర్రె ఆపిల్ రసం తాగాడు.

"రెండేళ్ల నుంచి మీరు నాతో అన్న మాటలన్నీ రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు, స్వెర్రె. బాగానే ఉంది. ఫర్వాలేదు. సరే పద. నేను ఇంటికెళ్లి ఈ మూడు మాటల్నీ అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంటా. 'ఫర్వాలేదు' అన్నప్పుడు గొంతు కొంచెం దిగిందా, అంటే ఏదో తప్పు జరిగిందా అని. నా వేళ్లే నాకు పరాయివాళ్ల వేళ్లలా కనబడుతున్నాయి ఇప్పుడు. తిట్టండి. తిట్టినా బాగుండు. చెయ్యి మొద్దు, ఈ పని నీకు రాదు, పోయి ఇంకేదన్నా చూసుకో అనండి. ఆ మాటైనా పట్టుకుని పోతాను."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

ఆమె ఒళ్లోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. జామ్ గిన్నె పక్కకు జరిపింది. "ఇటువైపువి మీరు నా గురించి రాసినవి. అటువైపువి రోగులు రాసినవి. తేదీల ప్రకారం జత చేశాను. నేను చివరిదాకా వెళ్లిన తొమ్మిదిమందిలో బాగా నొప్పి అన్నది ఒక్కరు. మీరు తీసుకున్న పదకొండుమందిలో ఎనిమిదిమంది."

స్వెర్రె కాగితాల వైపు చూడలేదు. నేను వాఫిల్ పెనం తుడవడం మొదలుపెట్టాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"నీకు ఎప్పట్నించి తెలుసు, బోర్గిల్?" అంది తిరిల్ నా వీపు వైపు చూస్తూ.

"మూడు వారాలు."

"మూడు వారాలు రోజూ నాకు కాఫీ పోశావు."

"పోశాను."

"పంచదార ఎన్ని ముక్కలని కూడా అడిగావు."

స్వెర్రెను కాపాడాలనుకున్నానని చెప్పొచ్చు. అది సగమే నిజం. ఆయన చెయ్యి పోయిందని కాగితం మీద చదివితే ఇక పోయినట్టే అని భయపడ్డాను. సొరుగులో ఉన్నంతవరకు పోలేదని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. పిల్ల భవిష్యత్తు అందులో నలుగుతోందని తెలిసీ ఆ పని చేశాను, అందుకు సిగ్గుపడుతున్నాను.

అప్పుడు స్వెర్రె కుడిచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి, "తిరిల్, ఒక పంచదార ముక్క తీసి నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టు," అన్నాడు.

"ఎందుకు?"

"పెట్టు." కళ్లు మూసుకున్నాడు.

తిరిల్ నా వైపు చూసి, గిన్నెలోంచి ఒక ముక్క తీసి ఆయన వేళ్ల మధ్య పెట్టింది. వేళ్లను దగ్గరగా నొక్కింది కూడా. మేం ఆగాం.

"ఏం, పెట్టడం లేదా?" అన్నాడు స్వెర్రె, కళ్లు మూసుకునే.

ఆయన కళ్లు తెరిచి ముక్కను చూశాడు. వేళ్లు బిగించాడు. ఎంత బిగిస్తున్నాడో ఆయనకు తెలియలేదు, ముక్క నలిగి కాగితాల మీద రాలింది.

"వసంతం నుంచి ఇంతే," అన్నాడు. "మెడలో నరం నొక్కుకుపోయింది, ఆపరేషన్ అయితే తిరిగొస్తుందన్నారు. రాలేదు. బరువు ఎత్తుతుంది, సంతకం పెడుతుంది. తెలియడం ఒక్కటే పోయింది."

"మరి పొద్దున మాగ్నే లోపల..." తిరిల్ ఆగింది. "ఏమీ తెలియని చేత్తో ఎందుకు తీసుకున్నారు?"

ఇంతసేపు స్వెర్రె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. మాటలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ చెప్పాడు.

"ఆ మలుపు దగ్గర మెలిక విడిపోయే ముందు గొట్టం చేతిలో కొంచెం బరువు తగ్గుతుంది. చాలా కొంచెం. నీకు తెలుసు. అది వచ్చేముందు నీ మొహం మారుతుంది, పెదవి కొరుక్కోవడం ఆపేస్తావు. వెనక నిలబడి నేను చూస్తుంటాను. ఇదిగో, ఇప్పుడు తనకు వస్తోంది అనుకుంటాను. ఇక ఆగలేను. ఇవాళైనా నా వేళ్లకు తెలుస్తుందేమో, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అనుకుంటాను. చెయ్యి వెళ్లిపోతుంది."

తిరిల్ కాగితాల మీది పంచదారను అరచేత్తో ఊడ్చింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అంటే నేను తప్పు చేసినప్పుడు తీసుకోలేదు."

"లేదు."

"సరిగ్గా చేసినప్పుడే తీసుకున్నారు."

"అవును. సరిగ్గా చేసినప్పుడే."

ఆ మాట కోసమే కదా ఆమె రెండేళ్లు ఎదురుచూసింది. అది ఈ రూపంలో వస్తుందని ఎవరు అనుకుంటారు. తిరిల్ కుర్చీ వెనక్కి తోసి లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. బయట పదకొండు గంటల ఎండ కొండ అంచు దాటి, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఫ్యోర్డ్ మీద పడబోతోంది. నవంబరులో ఆ కాస్త వెలుగుకు అందరం పని ఆపి చూస్తాం. ఆమె చూడలేదు. మావైపు తిరిగింది, చెంపలు తడిగా ఉన్నాయి.

"మాగ్నేతో పన్నెండుమంది," అంది. "పన్నెండుమంది పొట్టల్లో మీరు మీ వేళ్లు వెతుక్కున్నారు. వాళ్లు బల్ల అంచు పట్టుకుని మూలుగుతుంటే నేను పక్కన నిలబడి, నా వల్లే, నాకు చేతకాకపోవడం వల్లే అనుకున్నాను. మాగ్నేకు నేను క్షమాపణ చెప్పాను, స్వెర్రె. మీ బదులు."

"తెలుసు."

"ఏం తెలుసు మీకు. నేను ఇక్కడికి ఎందుకొచ్చానో తెలుసా? చదువుకునేటప్పుడు ఒక్కరోజు ఈ ఆసుపత్రి చూడ్డానికి వచ్చాం. బల్ల మీద ఒక ముసలావిడ. తన మేక పక్కింటి క్యాబేజీ తోటంతా మేసేసిన కథ చెబుతోంది. మీరు గొట్టం పట్టుకుని వింటున్నారు. కథ ఎక్కడా ఆగలేదు. ఒక్క 'అబ్బా' లేదు. మేక తోటలోంచి బయటపడేసరికి మీరు పేగు చివరికి చేరారు. ఆవేళ నా పక్కనున్నవాళ్లు తెర చూశారు. నేను మీ చెయ్యి చూశాను. బెర్గెన్ నగరంలో ఉద్యోగం ఇస్తామన్నా వద్దనుకుని వచ్చాను. నాకు ఆ చెయ్యి కావాలని వచ్చాను."

"నాకూ అదే చెయ్యి కావాలి, తిరిల్," అన్నాడు స్వెర్రె.

అంత మామూలుగా అన్నాడు. అన్నంలో ఉప్పు కావాలన్నంత మామూలుగా. నేను పెనం బట్ట పక్కన పెట్టి కుర్చీలో కూలబడ్డాను. ఒకే చెయ్యి కోసం ఇద్దరు మనుషులు ఒకే బల్ల దగ్గర ఇన్నాళ్లు కొట్లాడుకున్నారు, ఒకరికొకరు చెప్పకుండా. నేను మూడో మనిషిని. నాకూ అదే కావాలి. పిల్ల ముందు ఆ మాట అనే అర్హత నాకు లేదు.

"చెప్పి ఉండొచ్చుగా," అంది తిరిల్. "చేతులు జేబులో పెట్టుకుని మాటలతో చెప్పి ఉంటే నేర్చుకునేదాన్ని."

"మాటలు ఉంటే కదా. ముప్పై ఏళ్లు నా చెయ్యి చేసుకుపోయింది, నేను చూస్తూ ఉన్నాను. ఎలా చేస్తున్నావని దాన్ని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అది జవాబివ్వదు." లేచి నిలబడ్డాడు. "మాగ్నే మూలుగు విన్నాక నేరుగా ఐవిన్ గదికి వెళ్లాను. చెయ్యి సంగతి చెప్పాను. నేర్పించడం మానేస్తున్నానని రాసిచ్చాను. ఆ గీతలేవీ నీ తప్పు కాదని కూడా రాశాను."

ఐవిన్ మా విభాగానికి పెద్ద. మంచివాడే, కానీ కళ్లతో చూడందే దేవుణ్ణి కూడా నమ్మడు.

"ఏమన్నాడు?" అన్నాను నేను.

"గీతలు కొట్టేయడం కుదరదన్నాడు. గట్టి మలుపున్న పేగు ఒకటి తిరిల్ ఒంటరిగా దాటడం తను చూడాలట. చూస్తే తనే సంతకం పెడతానన్నాడు. దాటలేకపోతే నెలాఖరుకు సెలవు. ఇవాళ ఒంటిగంటకు."

"ఇవాళా?" అంది తిరిల్. "రోగి ఎవరు?"

"నిన్ననే పేరు పెట్టించాను. అప్పటికి ఐవిన్‌కు చెయ్యి సంగతి తెలియదు. ఇక గొట్టం ముట్టుకోనని నిన్న రాత్రి ఒట్టు పెట్టుకున్నాను. పొద్దున ఏం చేశానో చూశారుగా. బల్ల పక్కన నిలబడితే నా చెయ్యి నా మాట వినదు. అందుకే..." మాట పూర్తి చేయకుండా గ్లాసు కింద పెట్టి, వయసుకు తగని వేగంతో గదిలోంచి వెళ్లిపోయాడు. వరండా చివర మరుగుదొడ్డి తలుపు మూసుకున్న చప్పుడైంది. పొద్దుట్నుంచి అది మూడోసారి.

మూడోసారి. వాఫిల్ ముట్టలేదు. ఆపిల్ రసం తప్ప ఇంకేమీ గొంతులోకి పోనివ్వలేదు. ఇరవై ఏడేళ్లుగా నర్సును, అయినా నాకు అర్థం కావడానికి ఇంతసేపు పట్టింది. కంప్యూటరు దగ్గరకు వెళ్లి మధ్యాహ్నం జాబితా తెరిచాను. నేను నిన్న ముద్రించినప్పుడు ఒంటిగంటకు ఒక టీచరమ్మ పేరుంది. ఇప్పుడు ఆవిడ సోమవారానికి జరిగింది. ఆ గడిలో స్వెర్రె త్వైతానె, అరవై మూడు అని ఉంది. కింద పాత వివరం. మూడేళ్ల కిందట పాలిప్ అనే చిన్న కండ ఒకటి తీసిన పేగు, మళ్లీ చూడవలసిన గడువు. పక్కనే ఆనాటి డాక్టరు రాసిన మాట: చాలా కష్టమైన మలుపు, రోగికి బాగా నొప్పి.

తిరిల్ నా భుజం మీదుగా చదివింది. "నేను చెయ్యను," అంది.

"చేస్తావు," అన్నాను. "ఆయన రాత్రంతా ఆ పాడు మందు తాగాడు. వృథా చేస్తే ఊరుకోను."

ఒంటిగంటకు ఐవిన్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. స్వెర్రె వెనక ముడులున్న గౌను వేసుకుని, ఎప్పుడూ నిలబడే చోటును ఒకసారి చూసి, బల్ల ఎక్కి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు. కళ్లద్దాలు తీసి నాకిచ్చాడు, పక్క బల్ల మీద పెట్టాను. అవి లేకపోతే ఆయనకు తెరకూ గోడకూ తేడా తెలియదు. నేను పొట్ట మీద చెయ్యి ఆన్చాను.

"చూస్తూ నేర్పించలేకపోయాను," అన్నాడు తిరిల్‌తో. "లోపల ఏమవుతోందో చెబుతాను. ఈసారి అది నాకు తెలుస్తుంది."

తిరిల్ మొదలుపెట్టింది. మలుపు వచ్చింది. అంత వంకర పేగు నేనూ ఎక్కువ చూడలేదు. తెరంతా ఎర్రటి గోడ, దారి లేదు. నా అరచేతి కింద మెలిక లేచింది. స్వెర్రె నుదుటి మీద చెమట పట్టింది.

"నెడుతున్నావు," అన్నాడు.

"లేదు."

"నెడుతున్నావమ్మా. బొడ్డు కింద గుచ్చుకుంటోంది. నీకు తెలియకుండానే నెడుతున్నావు. ఆగు. ముందు ఊపిరి తీసుకో. నువ్వు ఊపిరి బిగబడితే చెయ్యి కూడా బిగుస్తుంది."

తిరిల్ ఊపిరి వదిలింది.

"ఇప్పుడు వెనక్కి. ఇంకా. చాలు, అక్కడ ఆపు. కుడివైపు తిప్పు, నెమ్మదిగా, తలుపు గడియ తీసినట్టు. లోపలి గాలి లాగెయ్. తొందర లేదు, ఉండగలను."

ఇన్నేళ్లలో ఆ మనిషి నోటి నుంచి వరసగా ఇన్ని మాటలు నేను వినలేదు. అవి ఆయన బుర్రలోంచి వస్తున్నవి కావు, నొప్పి చెప్పిస్తున్నది. చెబుతుండగా ఆయన కుడిచెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చి గాల్లోకి లేచింది. గొట్టం పిడికి ఉండే చక్రాన్ని తిప్పుతున్నట్టు బొటనవేలు కదులుతోంది. నేను రెండో చేత్తో దాన్ని పట్టుకున్నాను. పట్టుకున్నట్టు ఆయనకు తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మెలిక విడిపోయింది. నా అరచేతి కింద తెలిసింది. తిరిల్ మొహంలో తెలిసింది. తెర మీద గోడ పక్కకు తొలగి దారి గుండ్రంగా తెరుచుకుంది.

"అదే," అన్నాడు స్వెర్రె. "అదే, తిరిల్. బరువు తగ్గింది కదూ? నాకు తెలిసింది. లోపల్నుంచి తెలిసింది. నేను ఎప్పుడూ ఇంత మెత్తగా చేసి ఉండను."

ఐవిన్ గోడ దగ్గర్నుంచి కదలకుండానే జేబులోంచి కలం తీశాడు. తిరిల్ భుజంతో కళ్లు తుడుచుకుని ముందుకు సాగింది. మరో జానెడు దూరం వెళ్లింది. అక్కడ ఆగింది.

ఒక మడత వెనక, సగం దాక్కుని, చదునుగా ఉందది. చుట్టూ ఉన్న గోడ రంగు కాదు. అంచు నున్నగా లేదు. నేను డాక్టరును కాను, కానీ ఇరవై ఏడేళ్లుగా ఈ తెర చూస్తున్నాను, ఇలాంటివి క్యాన్సరని తేలడం ఎరుగుదును. ఐవిన్ కలం మళ్లీ జేబులో పెట్టుకుని, రెండు అడుగుల్లో తిరిల్ పక్కకు వచ్చి, గొట్టం కోసం చెయ్యి చాచాడు.

స్వెర్రెకు అడుగుల చప్పుడు చాలు.

"ముట్టుకోకు, ఐవిన్," అన్నాడు. "అది ఆ అమ్మాయి చేతిలోనే ఉండనీ."

ఐవిన్ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఎందుకు ఆపావు, తిరిల్?" స్వెర్రె కళ్లు చికిలించి తెర వైపు చూశాడు. ఆయనకు వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. నావైపు తిరిగాడు. "బోర్గిల్, నా కళ్లద్దాలు ఇటివ్వు."

కళ్లద్దాలు నా మోచేతి పక్కనే ఉన్నాయి. తీసుకోబోయాను.

"వద్దు, బోర్గిల్," అంది తిరిల్. గొట్టం వదలకుండా వంగి, ఆయన మొహానికి దగ్గరగా తన మొహం తెచ్చింది. "నేనే చెబుతాను."